వంక మీద అధికారం

అందరూ చూస్తుండగానే పోతులయ్య చేత రంగునీళ్లు తాగించారు. ఆ నీళ్లు తాగి చచ్చిన తన గొర్రెను భుజాన వేసుకుని అద్దకం షెడ్డు దగ్గరికి పోయి నిలదీసినందుకు అది శిక్ష. ఇద్దరు మనుషులు రెక్కలు విరిచి పట్టుకుంటే, షెడ్డు షావుకారు ఆదినారాయణ మురుగులో చెంబు ముంచి నోటికి అదిమాడు.

"నీళ్లు విషమంటివే, తాగి చెప్పురా!"

పోతులయ్య భార్య మారక్క కాళ్ల మీద పడింది. షావుకారు చెప్పుకాలితో తన్నాడు. ఊరు తల దించుకుంది. మూడోనాడు పోతులయ్య నెత్తురు కక్కుకుని చచ్చిపోయాడు.

ధర్మవరం దగ్గరి పల్లె అది. పంతొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. పట్టుకు రంగులద్దే ఆ షెడ్డు మురుగంతా వంకలోకే వచ్చేది. ఊరికీ గొర్రెలకూ తాగడానికి ఆ వంక చెలమలే దిక్కు.

మారక్క పంచాయతీ మెంబరు. ఆడవాళ్ల సీటని పేరు రాసుకున్నారే గాని, ఏనాడూ మీటింగుకు పిలవలేదు. దినాలు కాకముందే ఆమె పంచాయతీ గదికి పోయి బెంచీ మీద కూర్చుంది. ఊరు ఆమె వెనక నిలబడింది.

"షెడ్డుకు అనుమతి ఇచ్చిందెవురు?"

"మనమే. తీర్మానంలో నీ వేలిముద్ర గూడా ఉండాది" అన్నాడు ప్రెసిడెంటు నరసింహులు.

గొర్రెల టీకాల కాగితమని చెప్పి వేయించుకున్న ముద్ర అది. మొగుణ్ని తన చేత్తోనే చంపుకున్నట్టయింది మారక్కకు. ఏడవలేదు.

"అయితే రద్దని రాయప్పా."

"ఆ షావుకారుతో మనకేల మారక్కా..."

"రాయకుంటే ఈడనుంచి కదలవు" అంటూ పక్కింటి ఉలిగమ్మ గడపకు అడ్డం కూర్చుంది. నరసింహులు రాశాడు.

షావుకారు ఫిర్యాదు మీద వారానికి జీపులో ఒక ఆఫీసరు వచ్చి, ఆ కాగితం చించేశాడు.

"షెడ్డు ఆపే అధికారం పంచాయతీకి లేదు."

"పెట్టిచ్చేకి ఉండె గదా సార్? నీళ్లు చెరిపేకి మా ముద్ర చాలింది, కాపాడుకునేకి చాలదా?"

"నోర్ముయ్!"

మారక్క జనం వైపు తిరిగింది. "విన్నారు గదా! ఇంగ అడిగేది లేదు. పారలు పట్టండి."

అరవై మంది కదిలారు. మురుగు కాలువకు రాళ్లూ మట్టీ పోసి అడ్డం కట్టేశారు. ఎర్రనీళ్లు వెనక్కి మళ్లి షెడ్డులోకి పొంగాయి. పోలీసులు లాఠీలతో దిగారు. ఉలిగమ్మ కుడిచెయ్యి విరిగింది. మారక్కను జుట్టు పట్టి ఈడ్చారు.

"ఎవురు చేయించినారే?"

"పంచాయతీ" అంది మారక్క, పగిలిన పెదవులతో. ఆమెను వ్యానులో పడేసి తీసుకుపోయారు. సాయంత్రానికి షావుకారు మనుషులు కట్ట తెంచేశారు.

తెల్లారి చూస్తే ఉలిగమ్మ విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని, ఎడమచేత్తో మట్టి తోస్తూ కాలువలో ఉంది. వంక దిగువ పల్లెల జనం కూడా పారలతో వస్తున్నారు. దూరంగా పోలీసు వ్యాను దుమ్ము లేచింది. ఎవరూ కదల్లేదు. నరసింహులు తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, కాలువలోకి దిగి మట్టితట్ట ఎత్తాడు.