చివరి పన్నెండు పేజీలు

కిషన్ గోళ్ల సందుల్లో బ్రష్షుతో రెండోసారి రుద్దుకున్నాడు. మొదటి షిఫ్టు వాళ్లంతా ఒంటిమీద నాలుగు మగ్గులు కుమ్మరించుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. గని పైనున్న స్నానాల గదిలో అతనొక్కడే కుళాయి ముందు గొంతుక్కూర్చుని ఇంకా చేతులే తోముకుంటున్నాడు. ముప్పై ఆరేళ్లు బొగ్గులో పనిచేసిన చేతులు. అరచేతి గీతల్లో నలుపు స్థిరపడిపోయింది, అదిక పోదు. వేళ్ల కొసలు తెల్లబడితే చాలు. పుస్తకాలు పట్టుకునేది వాటితోనే.

"కిషనన్న గోళ్లు కడుగుతుండంటే ఇయ్యాల శనివారమన్నట్టు," అంటూ రెండో షిఫ్టు మనిషొకడు నవ్వుకుంటూ పోయాడు.

గోదావరిఖని చౌరస్తా వెనక సందులో రాజకుమారి పాత పుస్తకాల దుకాణం. రేకుల షెడ్డు. ముందు వరసలో ఉద్యోగ పరీక్షల గైడ్లు, ఇంటర్ పుస్తకాలు. ఆమెకు కూడు పెట్టేవి అవే. తక్కెడ పక్కన గోనెసంచుల్లో కథలూ నవలలూ ఉంటాయి. ఇంకా లోపల, గోడవారన, అట్టల్లేనివి, మొదళ్లు లేనివి, చివర్లు లేనివి ఒక కుప్ప. అందులో ఏది తీసుకున్నా ఐదు రూపాయలే. కిషన్ ఎప్పుడూ కూర్చునేది ఆ కుప్ప దగ్గరే.

"రా అన్నా. జ్యోతినగర్‌ల ఒక ఇంజనీరు సారు బదిలీ మీద పోయిండు. మూడు సంచులొచ్చినయ్. ఇంక మూతి గూడ ఇప్పలేదు," అంది రాజకుమారి.

మూతి విప్పని సంచి! కిషన్ చెప్పులు విడిచి పట్టా మీద కూలబడ్డాడు. ముడి విప్పి, లోపలికి చూడకుండా ముందు చెయ్యి పెట్టాడు. అది అతని అలవాటు. గరుకు అట్ట, నున్నటి అట్ట, నీళ్లకు ఉబ్బి ఆరిన కాగితం వేళ్లకే తెలిసిపోతాయి. ముక్కుకూ కొన్ని తెలుస్తాయి. జ్యోతినగర్ పుస్తకాలు కలరా ఉండల వాసన వేస్తాయి. గని క్వార్టర్ల నుంచి వచ్చినవాటికి పోపు వాసన, ఊదుబత్తి వాసన. మొదటి పేజీలో ఎవరిదో పేరు, పెళ్లిరోజు కానుకని రెండు ముక్కలు, ఎత్తేసిన అద్దె లైబ్రరీ ముద్ర. ఒకసారి ఒక వంటల పుస్తకంలో ఎండిన కరివేపాకు రెమ్మ దొరికితే అది మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. ఫలానా పుస్తకం కావాలని అతను ఎన్నడూ అడగలేదు. అడిగితే దొరకదనీ, ఊరికే తిరగేస్తుంటే దొరుకుతుందనీ అతని నమ్మకం.

చినిగిన పుస్తకాల అలవాటు జీతం చాలని రోజుల్లో మొదలైంది. తర్వాత జీతం పెరిగింది, అలవాటు మారలేదు. కిషన్‌ది పంపు డ్యూటీ. భూమి లోపల ఊరే నీటిని పైకి తోడే పంపు పక్కన కాస్త పొడి జాగా ఉండేది. బొగ్గు నింపే ఫిల్లర్లు టిఫిన్ గిన్నెలు తెచ్చుకుని అక్కడే కూర్చునేవాళ్లు. కిషన్ చదివిన కథ రోజుకింత చెప్పేవాడు. పేజీలు లేనిచోట తనే కల్పించేవాడు. అందరూ నమ్మేవాళ్లు, ఒక్క రాజం తప్ప.

రాజానికి చదువు రాదు. అయినా అచ్చు ఎక్కడ ఆగిందో, కిషన్ ఎక్కడ మొదలయ్యాడో ఇట్టే పట్టేసేవాడు. "ఆగు. గిది నీ సొంతం. నీ గొంతు మారింది," అనేవాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక నవల చెబుతున్నప్పుడు ఇద్దరికీ పెద్ద తగువైంది. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి బడిలో టీచరు సునంద. మొగుడితో మాటామాటా పెరిగి ఊరు విడిచిపోతుంది. అతను రోజూ సాయంత్రం బస్సు దగ్గరికి వచ్చి నిలబడి, ఒక్కడే ఇంటికి పోతుంటాడు. పదకొండు నెలలు. ఒకనాడు బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. అంతే. కిషన్ దగ్గరున్న పుస్తకానికి తర్వాతి పేజీలు లేవు.

తలుపులోంచి కండక్టరు ఒక్కడే దిగాడని చెప్పాడు కిషన్. ఆమె చనిపోయిందని ఉత్తరం చేతిలో పెట్టాడని చెప్పాడు. రాజం తింటున్న గిన్నె పక్కన పెట్టేశాడు.

"దిగుతది. ఆమె దిగుతది. నువ్వు సదువకనే చెప్తున్నవ్."

ఆ ముందటేడే కిషన్ భార్య జ్వరంతో పోయింది. ఆరేళ్ల కూతురు శోభకు జడ వెయ్యడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. అప్పుడు అతనికి ఇంకో ముగింపు తోచలేదు. ఆ తర్వాత శోభ పెద్దదైంది, పెళ్లై మందమర్రి వెళ్లింది. రాజం రిటైరయ్యాడు. తగువు మాత్రం అలాగే ఉంది. ఎక్కడ ఎదురైనా రాజం మొదటి మాట, "దిగిందా?" కిషన్ జవాబు, "దిగలే."

రెండో సంచి అడుగున కిషన్ చేతికి ఒక లావుపాటి పుస్తకం తగిలింది. మధ్యలో తెరిచాడు. రైలుపట్టా ముక్కతో చేసిన బడిగంట. దాన్ని మోగించబోతూ టీచరు చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

ఆ గంట సునందది! అట్ట మీద పేరైనా చూడకుండా చివరికి తిప్పాడు. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. పేజీ ఉంది. దాని వెనక ఇంకో పేజీ ఉంది. లెక్కపెట్టాడు, పన్నెండు. టక్కున మూసేశాడు.

"ఏమైందన్నా, పాము గిట్ల దొరికిందా?"

"ఎంత చెల్లె గిది?"

"అది మంచిగనే ఉన్నది గదా, యాభై. నువ్వు ముప్పయ్యియ్యి."

ఎప్పుడూ ఇంకో రూపాయి తగ్గించమని అరగంట కబుర్లు చెప్పే మనిషి యాభై కాగితం ఇచ్చి లేచిపోతుంటే రాజకుమారి తెల్లబోయింది.

రాజం పది రోజులుగా దవాఖానాలో ఉన్నాడు. ఆయాసం. ఈసారి తగ్గకపోవచ్చని డాక్టర్లు రాజం భార్య యమునకు చెప్పారు. దవాఖాన గేటు దగ్గర వేపచెట్టు కింద కిషన్ ఆగాడు. ముందు తను చదివి చూసుకోవాలా? ఆమె దిగకపోతే? అలాంటి మాట ఇప్పుడు రాజానికి చెప్పగలడా? పోనీ అబద్ధం చెబుదామంటే రాజం గొంతులోనే పట్టేస్తాడు. పుస్తకం తెరవబోయి మళ్లీ మూశాడు. ఇరవై రెండేళ్లు ఇద్దరూ కలిసి ఎదురుచూసిన బస్సు అది. ఒక్కడే తొంగి చూడటం న్యాయం కాదనిపించింది.

మంచం తల వైపు ఎత్తి ఉంది. రాజం ముక్కుకు గొట్టం. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. యమున బత్తాయి వలుస్తోంది. పక్క మంచంలో నర్సింగమని, స్కూటర్ మీంచి పడి కాలు విరిగిన డ్రైవరు, కట్టుకట్టిన కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నాడు.

కిషన్‌ను చూడగానే రాజం పెదాలు కదిలాయి. "దిగిందా?"

"తెల్వదు. ఇద్దరం సూద్దాం," అని కిషన్ పుస్తకం చూపించాడు.

యమున చేతిలో తొన అలాగే ఉండిపోయింది. "గదేనా తమ్మీ?"

"గదే వదినె."

కిషన్ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు కోళ్లగంప దిగింది. దాని వెనక ఒక ముసలామె. తర్వాత కండక్టరు దిగి మెట్టు పక్కన నిలబడ్డాడు. కిషన్ పేజీ తిప్పాడు. కండక్టరు చేతిలో ఉత్తరం లేదు. పైనుంచి ఎవరో అందిస్తున్న ట్రంకుపెట్టె పట్టుకున్నాడు. పెట్టె వెనక సునంద దిగింది.

రాజం మంచం కమ్మీ మీద అరచేత్తో కొట్టాడు. అంత బలం ఎక్కడిదో.

ఆమె మొగుడి ఇంటికి పోలేదు. నేరుగా బడికి వెళ్లి తాళం తీసి, వసారా ఊడ్చుకుని, పెట్టె అక్కడ పెట్టింది. గుమ్మం బయట నిలబడ్డ మొగుడితో, రేపటి నుంచి బడి ఉంది, పిల్లలకు చెప్పిరా అంది. అతను ఇంటింటికీ చెప్పడానికి బయలుదేరాడు. అదీ చివరి పేజీ.

"ఇంటికి రాలేదు గద," అన్నాడు కిషన్, ఓడిపోయిన మొహం దాచుకోలేక.

"ఊరికొచ్చిందా లేదా? గది చాలు." రాజం నవ్వబోతే దగ్గొచ్చింది. యమున వీపు నిమిరింది. దగ్గు తగ్గాక నెమ్మదిగా అన్నాడు: "అప్పుడు నీ మీద నాకు మస్తు కోపమొచ్చింది. పెండ్లాం పోయింది సాలదా, కతల గూడ సంపుకుంటున్నడు గీడు అని. నిన్ను ఎట్ల ఆపాల్నో తెల్వలే. గందుకే కొట్లాడిన."

కిషన్ పుస్తకం మూసి దాని అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు. ఆ తగువు కథ గురించే అనుకున్నాడు ఇన్నేళ్లూ.

"అన్నా," అన్నాడు పక్క మంచంలోంచి నర్సింగం. "ఆమె మొదలు ఎందుకు పోయిందంట?"

"అది చెప్పాలంటే వారం పడతది," అన్నాడు రాజం, కళ్లు మెరుస్తుంటే. "పుస్తకం ఈడనే పెట్టు కిషన్. వానికి గూడ పని లేదు."

తెల్లవారి, కిషన్ ఆదివారం పంపు డ్యూటీకి టిఫిన్ డబ్బా కట్టుకుంటుండగా యమున ఫోన్ చేసింది. రాజం నిద్రలోనే పోయాడు. ఆయాస పడలేదని రెండుసార్లు చెప్పింది.

గోదావరి ఒడ్డుకు పాత ఫిల్లర్లంతా వచ్చారు. చితి అంటుకున్నాక ఒక్కొక్కరూ కిషన్ పక్కకు చేరారు. ఎట్లా తెలిసిందో అందరికీ తెలిసింది. అయినా అతని నోటివెంట వినాలని వచ్చారు.

"దిగిందంట గద?"

"దిగింది," అన్నాడు కిషన్ ప్రతివాడితోనూ. నాలుగోసారి చెప్పేటప్పటికి అతని మొహంలోకి నవ్వొచ్చింది. దాన్ని ఆపుకోలేదు.

దినాలయ్యాక ఒక సాయంత్రం, పుస్తకం తన దగ్గర ఉంచుకుందామని దవాఖానాకు వెళ్లాడు. రాజం మంచం మీద ఎవరో కొత్త మనిషి నిద్రపోతున్నాడు. నర్సింగాన్ని ఎక్స్‌రేకు తీసుకుపోయారు.

"ఆ పుస్తకం ముట్టకుండ్రి," అంది వార్డు నర్సు. "పేజీల పెట్టిన గుర్తు కింద పడిపోతే నన్ను తిడతడు. రాత్రి వార్డుల అందరికీ సదివి వినిపిస్తుండు."

కిషన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెట్లు దిగిపోయాడు. చౌరస్తాలో రాజకుమారి షెడ్డు ఇంకా తెరిచే ఉంటుంది.

నర్సింగం మంచం పక్కన బల్ల మీద, మందుల కవరుకూ నీళ్ల సీసాకూ మధ్య, పుస్తకం మూసి ఉంది. అరవయ్యో పేజీ దగ్గర గుర్తుగా పెట్టిన ఖాళీ మాత్రల అట్ట కొస ఒకటి బయటికి వచ్చి, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది.