మూల ముక్కలు

తెల్లారితే ఊర్మిళకు లెక్కల పరీక్ష. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడం ఇది మూడోసారి. మిగతావన్నీ పాసైంది, లెక్కలే కొరకరాని కొయ్య. ఈసారి గట్టెక్కితే జనగామలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం ఇస్తామన్నారు.

ఆ మాట విన్ననాటినుంచి కమలాబాయికి అన్నం సయించడం లేదు. మెట్టుగూడలోని ఆ ఒంటిగదిలో ఇద్దరూ తొమ్మిదేళ్లుగా బొంతలు కుడుతున్నారు. ఊర్మిళ పనికోసం వచ్చింది, ఉండిపోయింది. అంతకు ముందటేడు కమలాబాయి భర్త ఆ గడప దాటి ఆసుపత్రికి వెళ్లి మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఆమెకు గుండెదడే.

పొద్దు వాలే వేళకు ఊర్మిళ పెన్సిల్ విసిరేసింది.

"మళ్ల తప్పే! x² + 6x = 40. ఆరుల సగం మూడు. గందుకే (x + 3)² = 40 అని రాసిన. నలభైకి వర్గమూలం సాఫ్‌గ వస్తలేదు, పెద్దమ్మా. పుస్తకంల జవాబు నాలుగున్నది."

"గా బొమ్మేంది?"

"దేవసహాయం సార్ ట్యూషన్ల ఏసిండు. ఒక చదరం, దాని పక్క x. పక్కకొక పట్టీ, కిందికొక పట్టీ, మూడేసి వెడల్పు. అన్నీ కలిపి నలభై."

"రెండు దిక్కులే అంచేస్తరా ఎవరన్న? మీ సారు ఎన్నడు బొంత కప్పుకోలేదా?"

"గది బొంత కాదు, లెక్క!"

కమలాబాయి ఊరుకోలేదు. గుడ్డముక్కలు నేలమీద పరిచింది. చేతి అలవాటు కొద్దీ ఆరును నాలుగు పట్టీలు చేసి, ఒకటిన్నర చొప్పున చదరానికి నాలుగు వైపులా పేర్చింది.

"సగం చెయ్యమంటే పావు చేస్తివి," అని ఊర్మిళ నవ్వింది.

కమలాబాయి నవ్వలేదు. నాలుగు మూలలూ ఖాళీగా ఉన్నాయి. నలభైలో ఆ మూలల గుడ్డ లేదు. ఊర్మిళకది కనబడలేదు. నోరు మూసుకుంటే చాలు, ఇంకో ఆరు నెలలు ఈ పిల్ల ఎక్కడికీ పోదు. చెప్పలేదని ఎవరికీ తెలియదు కూడా.

పొద్దుటినుంచి లెక్కలతో ఏడ్చి ఉబ్బిన ఊర్మిళ కళ్లవంక చూసింది.

"మూలలు ఎయ్యకుంటనే బొంత నిండిందంటవేందే?"

ఊర్మిళ వంగి చూసింది. "ఒక్కో మూల ఒకటిన్నరకు ఒకటిన్నర... రెండుంబావు. నాలుగింటికి తొమ్మిది!" గబగబా సార్ బొమ్మ తీసింది. అందులో ఖాళీ మూల ఒక్కటే, మూడు మూళ్ల తొమ్మిది. "రెండిట్ల తొమ్మిదే! గా తొమ్మిదిని అటూ ఇటూ కలపాలె, నేను ఇడిసిపెడుతున్న. నలభైకి తొమ్మిది, నలభైతొమ్మిది. దాని మూలం ఏడు. ఏడుల మూడు పోతే నాలుగు! ఇంకో జవాబు సుత ఉంటది, మైనస్ పది."

"మైనస్ పది జానల బొంత ఎవరికి కప్పుతవే?"

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. ఊర్మిళ రెండో లెక్క మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి, "పదహారుల సగం ఎనిమిది. మూలకు ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, గంతేనా?" అని అడిగింది. కమలాబాయి తలూపింది.

మూడో లెక్కకు ఊర్మిళ తల ఎత్తలేదు. అడుగుతుందేమోనని కమలాబాయి గుడ్డ పక్కన పెట్టి కూర్చుంది. పెన్సిల్ ఆగకుండా సాగిపోతూనే ఉంది.