అయిదో గీత మీద గురక

హలో, అందరికీ నమస్కారం, వినపడుతోందా? వినపడితే చాలు. ఈ కథంతా వినపడటం గురించే.

వెబ్‌సైట్లు రాసే ఒకాయన పదకొండు రోజులుగా హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. గురక పెడుతున్నాడని భార్య దిండు చేతికిచ్చి గదిలోంచి పంపేసింది. సోఫా ఆయనకంటే జానెడు పొట్టి. మోకాళ్లు మడిచీ మడిచీ, నడుస్తున్నా కూర్చున్నట్టే కనిపిస్తున్నాడు.

తన గురక ఎవరికీ వినపడదని రుజువు చేసి మంచం దక్కించుకోవాలని పంతం పట్టాడు. బ్రౌజర్‌లో ఒక పేజీ రాశాడు. మైకులో పడ్డ శబ్దాన్ని బొంగురు నుంచి కీచు దాకా విడగొట్టి, వెయ్యిన్ని ఇరవై నాలుగు గీతలుగా చూపిస్తుందది. ఏ గీత ఎంత లేస్తే ఆ శబ్దం అంత గట్టిది. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పక్కనే పెట్టుకుని ఓ కునుకు తీశాడు. లేచి, పేజీ దాచిపెట్టిన రికార్డు చూస్తే అయిదో నంబరు గీత తెర పైఅంచుకి తగిలి ఉంది.

ఇక ఆయన్ని పట్టలేం. భార్యనూ, ఇంటికొచ్చిన బావమరిదినీ కూర్చోబెట్టి ఉపన్యాసం అందుకున్నాడు. అయిదో గీతంటే అయిదు హెర్ట్జ్, అంటే సెకనుకి అయిదు కంపనాలు. ఇరవైకి తక్కువైతే మనిషి చెవికి అందదు. కాబట్టి ఆవిడ విన్నదంతా భ్రమ.

బావమరిది మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి. "బావా, అయిదనేది గీత నంబరు. హెర్ట్జ్ కాదు," అన్నాడు నింపాదిగా. మైకు సెకనుకి నలభై నాలుగువేల వంద సార్లు శబ్దాన్ని పట్టుకుంటుందట. పేజీ వాటిని రెండువేల నలభై ఎనిమిదేసి కలిపి చూస్తుందట. భాగిస్తే గీతకి ఇరవై ఒకటిన్నర హెర్ట్జ్. అయిదుతో హెచ్చవేస్తే నూట ఏడు చిల్లర. "పక్కింటికి కూడా వినపడుతుంది బావా."

తెర మీద పేజీ ఇంకా నడుస్తోంది, అయిదో గీత ఇప్పుడూ లేస్తోంది. అయితే అది ఫ్రిజ్ రొద అన్నాడాయన. వెళ్లి ప్లగ్గు పీకాడు. అయిదో గీత ఆగలేదు. లేస్తోంది, పడుతోంది, ఊపిరి తీసినట్టు. మగాళ్లిద్దరూ మేలుకునే ఉన్నారు. వెనక్కి తిరిగి చూస్తే, ఉపన్యాసం దెబ్బకి ఆవిడ కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోయింది.

లేపితే, కళ్లు మూసుకుని వింటున్నానంది. గీత చూపించారు. ఆవిడ వంగి మరీ చూసింది.

"అయిదోదేగా? చెవికి అందదని ఇందాక తమరే సెలవిచ్చారు."

"అదికాదే, నా లెక్క తప్పు..."

"తప్పైతే సోఫా. ఒప్పైతే మంచం. మీ ఇష్టం."

ఆయన సోఫా వంక చూశాడు. మోకాలు నిమురుకున్నాడు.

"అయిదు హెర్ట్జే," అన్నాడు.

బావమరిది ఏదో అనబోతే, "నువ్వాగరా," అని దిండు చంకన పెట్టుకుని గదిలోకి నడిచాడు. ఫ్రిజ్ ప్లగ్గు ఎవరికీ గుర్తులేదు. పాలు విరిగాయి.

నేను గురకే పెట్టనని ఒట్లేసే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఈ కథ వాళ్లకి పంపండి. మేలుకున్నప్పుడే పంపండి.