పహిల్వాన్ దూప

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. స్టేషన్ ఘన్‌పూర్ చౌరస్తాలోని రిలే నిరాహార దీక్షా శిబిరంలో షాకీర్ కూర్చోవడం అది మూడో రోజు. మెడలో బంతిపూల దండ బరువుగా ఉంది. తీసి పక్కన పెట్టాలనిపించింది గానీ, చెయ్యి ఎత్తడానికే ఒళ్లు సహకరించలేదు.

ముప్పై ఆరేళ్ల షాకీర్‌ను ఊళ్లో అందరూ పహిల్వాన్ అనే పిలుస్తారు. హమీద్ ఉస్తాద్ తాలీంలో కుస్తీ నేర్చుకున్నాడు. ఆ కుస్తీతోనే ముంబయిలో జరిగే పంజరం పోటీలకు వెళ్లాడు. గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే ఆ ఆటలో డెబ్బై కిలోల విభాగంలో ఛాంపియన్ బెల్టు నాలుగేళ్లుగా అతనిదే. అతని ఆట ఒక్కటే. వంగి కాళ్లు దొరకబుచ్చుకుంటాడు, ఎత్తి కింద వేస్తాడు, పైన పడుకుని లేవనివ్వడు. ఎంత మొనగాడైనా ఇక పైకప్పు చూస్తూ పడి ఉండాల్సిందే. పద్నాలుగు పోటీల్లో ఓటమి లేదు. చప్పట్లు కూడా లేవు. రెండో రౌండ్ దాటేసరికి జనం ఈలలు వేసి వెక్కిరిస్తారు. "భాయ్, ఒక్కసారి నిలబడి కొట్టు, జనానికి మజా రావాలె" అని పోటీలు పెట్టే జోషీ ఎన్నిసార్లు బతిమాలాడో లెక్కలేదు.

మామూలుగా షాకీర్ ఎనభై కిలోలుంటాడు. ప్రతి పోటీకి ముందు పది కిలోలు దించాలి. మొదట తిండి తగ్గుతుంది, చివరి రోజుల్లో నీళ్లు కూడా ఆగిపోతాయి. ఒకప్పుడు వారంలో దిగిన బరువు ఈసారి నెల పట్టినా దిగలేదు. ఎల్లుండి పొద్దున ముంబయిలో తూకం. ఇంకా మూడు కిలోలు మిగిలే ఉన్నాయి.

దీక్షకు పిలిచింది జగన్మోహన్ సారు. బడిలో షాకీర్‌కు లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు శిబిరం బాధ్యత ఆయనదే. "ఊరికి పేరు తెచ్చినోనివి. ఒక్క పూట కూసో, నిన్ను జూడనీకి జనం వస్తరు" అన్నాడు. ఎలాగూ తినడం లేదు, ఎక్కడ కూర్చుంటే ఏమిటనుకున్నాడు షాకీర్. ఒక పూట మూడు రోజులైంది.

ఆ రోజు పదకొండు గంటలకు సారు మైకు అందుకున్నాడు. "మన పహిల్వాన్ షాకీర్ తెలంగాణ కోసం మూడు దినాల సంది మెతుకు ముట్టలే! నిన్నటి సంది మంచినీళ్లు సుత ముట్టలే!"

చౌరస్తా అంతా చప్పట్లతో మోగిపోయింది. పంజరంలో ఎన్నడూ వినని చప్పట్లు. షాకీర్ తల వంచుకున్నాడు.

పక్కన ఐలమ్మ కూర్చుని ఉంది. పెద్దవంగర మనిషి. కూతుర్ని చూడటానికి వచ్చి, బస్సులు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయింది. కొడుకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పని చేస్తాడు, అతనూ సమ్మెలోనే ఉన్నాడు. ఆమె షాకీర్ ముఖంలోకి వంగి చూసింది.

"పెదవులు పలిగినయి గద బిడ్డా. నీళ్లు తాగితె దీక్ష చెడదు. మేమందరం తాగుతనే ఉన్నం."

"నేను తాగొద్దు అవ్వా."

"ఎందుకు తాగొద్దు?"

అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. తూకం సంగతి, ముంబయి సంగతి మెల్లగా చెప్పేశాడు. ఐలమ్మ చెవి దగ్గరగా పెట్టి అంతా విన్నది.

"అయితె గీ ఆకలి తెలంగాణ కోసం గాదా?"

"కాదవ్వా."

"మరి ఎవలి కోసం?"

రంజాన్ వెళ్లి నెలన్నర కూడా కాలేదు. రోజా పట్టేముందు నియ్యత్ చేసుకుంటారు, ఈ ఉపవాసం ఫలానా దాని కోసమని మనసులో అనుకుంటారు. ఈ మూడు రోజుల ఆకలికి ఏ నియ్యత్ ఉందని షాకీర్ తనను తాను ప్రశ్నించుకుంటే, జోషీ ముఖం, తూకం యంత్రం తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

లేచి నిలబడ్డాడు. కళ్లు తిరిగితే గుంజ పట్టుకున్నాడు. సారు చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"సారు మంచి మనసుతోటి చెప్పిండు. గని నేను తెలంగాణ కోసం పస్తులుంటలేను. నాకు ముంబయిల పోటీ ఉన్నది, బరువు తగ్గాలె. అందుకే తింటలేను. ఉత్తగ చప్పట్లు కొట్టించుకుంటె పాపం. మాఫ్ చేయున్రి."

వెనక ఎవరో నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. "గిప్పుడే చెప్పాల్నా షాకీర్?" అన్నాడు మైకు లాక్కుంటూ. షాకీర్ దండ తీసి దీక్షాపీఠం మీద పెట్టి, ఇంటిదారి పట్టాడు.

మధ్యాహ్నం హమీద్ ఉస్తాద్ కారు తెచ్చాడు. రైళ్లను నమ్మే పరిస్థితి లేదు. హైదరాబాదు దాకా కారు, అక్కడి నుంచి విమానం. డెబ్బై ఏళ్ల ఉస్తాద్ ఇరవై ఏళ్లుగా షాకీర్ ప్రతి పోటీకీ వెంట వెళ్లాడు. కారు అద్దాలు ఎక్కించి, షాకీర్‌కు రెండు స్వెట్టర్లు తొడిగించాడు, చెమట పట్టాలని. చెమట రాలేదు. పిక్కలు పట్టేశాయి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"జర ఓర్చుకో బేటా, గిదొక్కటే" అన్నాడు ఉస్తాద్. కిందటిసారీ అదే మాటన్నాడు.

జనగామ దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. నడిరోడ్డున రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. ఒక యువకుడు కారు అద్దంలోంచి తొంగిచూసి కేక వేశాడు.

"అరే, షాకీరన్న రా! పంజరం ఫైటర్! దారి ఇయ్యున్రి!"

పదిమంది పరుగెత్తుకొచ్చారు. అన్నకు పోటీ ఉందట, అన్న గెలవాలట. నలుగురు కలిసి సగం ఉడికిన అన్నం గుండిగను పొయ్యి మీంచి దించబోయారు. గంజి పొంగి మంటలో పడి చుయ్యిమంది. వండుతున్న ఆడవాళ్లు కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెనక్కి జరిగారు.

షాకీర్ అద్దం దించాడు. ఉడుకుతున్న అన్నం వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

"దించకున్రి" అన్నాడు. మళ్లీ అన్నాడు. "దించకున్రి తమ్మీ. ఉడకనియ్యున్రి."

తర్వాత ఉస్తాద్ వైపు తిరిగాడు.

"ఉస్తాద్, నాకు దూపైతాంది."

ఇరవై ఏళ్లలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి.

"తాగితె బెల్టు పోతది" అన్నాడు ఉస్తాద్.

"తెలుసు."

"నిన్నెవ్వడూ ఓడగొట్టలే. నీ అంతట నువ్వే ఇడిసిపెడ్తవా?"

"అలిసిపోయిన ఉస్తాద్. పోటీకి గాదు. గీ ఒళ్లు ఎండబెట్టుకునుడుకు."

ఉస్తాద్ సీటు కింద నుంచి సీసా తీసి, మూత తిప్పి, అందించాడు. కొన్ని నీళ్లు షాకీర్ స్వెట్టర్ మీద ఒలికాయి. మొదటి గుక్క గొంతులో ముల్లులా దిగింది. తర్వాత ఆగకుండా తాగాడు.

రోడ్డు పక్కనుంచే జోషీకి ఫోన్ చేసి, పోటీకి రావడం లేదని చెప్పాడు. కాసేపు కోప్పడ్డాడు జోషీ. తర్వాత అతని గొంతులో నిట్టూర్పు వినిపించింది. "పోనీలే భాయ్. కొత్త కుర్రాడున్నాడు, బాగా తంతాడు" అన్నాడు. నాలుగేళ్ల బెల్టు రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఏడుపు వస్తుందేమోనని షాకీర్ ఎదురుచూశాడు. రాలేదు, నిద్ర వచ్చింది. కారు వెనక్కి తిరిగి ఘన్‌పూర్ చేరేదాకా పడుకునే ఉన్నాడు.

గుమ్మంలో భార్య కహ్కషాన్ అతన్ని, స్వెట్టర్లను చూసి అర్థం చేసుకుంది. "పోలేదా?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లి గంజి వెచ్చబెట్టింది.

ఉస్తాద్ ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మటన్ పొట్లం పట్టుకుని వచ్చాడు. కహ్కషాన్ చేతికిచ్చి, షాకీర్ పక్కన కూర్చుని, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"కొత్తోని ఆట టీవీల జూసిన. వానికి కాళ్లు పట్టుడు రాదు. నువ్వయితె నిమిషంల పండబెడ్తుంటివి."

"ఔ" అన్నాడు షాకీర్.

"మల్ల పోయి జూస్తవా పోటీకి?"

"లేదు ఉస్తాద్."

ముసలాయన తల ఊపాడు. లోపల ఉల్లిగడ్డ వేగుతోంది. వంట అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.