ఫొటోకి రెండు ముక్కలు

“వీబ్కె, ఈ ఫొటోకి రెండు ముక్కలు రాసిపెట్టవా,” అన్నాడు మా ఆయన ఆర్నో, వంటింటి బల్ల దగ్గర కూర్చునే. నేను అతనికి మూడడుగుల దూరంలో సింకు ముందు నిలబడి, కేకు పళ్ళెం తోముతున్నాను. మోచేతుల దాకా నురగ. అత్తగారు రెండో కప్పు టీ తాగుతున్నారు. ఉత్తర జర్మనీలోని మా లేర్ పట్నంలో కప్పులో చెంచా నిలబెట్టేదాకా టీ పోస్తూనే ఉంటారు. చెంచా పెడితే ఇక చాలని అర్థం. మా ఇంట్లో పోసేది నేనే కాబట్టి నా చెంచా ఎప్పుడూ సాసర్లో పొడిగానే ఉంటుంది.

ఆర్నో, నేను ఇద్దరం టీచర్లమే. అతను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు, నేను చిన్నపిల్లల బడిలో అన్నీ చెబుతాను. ఐదేళ్ల కిందట ఆర్నో టీచర్ల కోసం ఒక సర్వర్ పెట్టాడు. ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సోషల్ మీడియా అది. ఇలాంటి చిన్న సర్వర్లు వేలల్లో ఉంటాయి, ఒక్కోదాన్ని ఎవరో ఒకరు నడుపుతారు, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇక్కడ యజమాని అంటూ ఎవరూ లేరని ఆర్నో ప్రతి సభలోనూ చెబుతాడు, యజమాని గొంతుతో. సర్వర్ పెట్టింది అతనే, కాదనను. ఒక శనివారం పట్టింది. తర్వాతి ఐదేళ్లూ నాకు పట్టాయి. కొత్తగా చేరినవాళ్ళని పలకరించడం, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళని ఓదార్చడం, పిల్లల చేతికి టాబ్లెట్ ఇవ్వాలా వద్దా అని కొట్టుకునే ఇద్దరు లెక్కల మాస్టర్లని విడదీయడం, అందరికీ నియమాలు రాయడం, అన్నీ నా పనే. “ఫిర్యాదును మా బృందం పరిశీలిస్తోంది” అని ఆర్నో రాస్తాడు. ఆ సమయానికి బృందం పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉంటుంది. ‘మా గురించి’ అన్న పేజీలో మాత్రం అతని పేరొక్కటే. నా పేరూ పెట్టమని ఒకసారి అడిగాను. “మనిద్దరి మధ్యా పేర్లేమిటి?” అన్నాడు ఎంతో ప్రేమగా. పేరున్నవాళ్ళకి అలాగే అనిపిస్తుంది కాబోలు. అత్తగారిదింకో బాధ. “వాడు పాపం బడీ సర్వరూ రెండూ మోస్తున్నాడు, నువ్వేమో ఎప్పుడు చూసినా ఫోనులో ఉంటావు,” అంటారు. ఆ ఫోనులో నేను మోస్తున్నది వాళ్ళబ్బాయి సర్వరునే.

వచ్చే శనివారం ఓల్డెన్‌బుర్గ్‌లో టీచర్ల సభ. ‘జట్టుగా పనిచేయడం ఎలా’ అన్న విషయం మీద ఆర్నో ప్రసంగం. ప్రసంగం నేనే తయారుచేశాను. మొదటి పేజీలో నా పేరు కూడా వేయమంటే చోటు చాలదన్నాడు. చాలా చోటుంది, నేను వేలితో కొలిచి చూశాను. ఆ ప్రసంగం గురించి చెప్పుకోవడానికే ఇప్పుడీ ఫొటో, లాప్‌టాప్ ముందు కూర్చుని తనే తీసుకున్నాడు.

మా దగ్గర ఫొటో పెడితే అందులో ఏముందో కింద రాయాలి. చూపు లేనివాళ్ళకి వాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. రాయకపోతే నలుగురూ మర్యాదగానే చీవాట్లు పెడతారు. ఎమ్డెన్‌లో చరిత్ర చెప్పే తలేయాకి చూపు లేదు. ఒకసారి ఆవిడ ఆర్నోని బాగా మందలించింది. ఆ రోజు నుంచి అతని ఫొటోలకి వివరణ రాయడం కూడా బృందం పనైపోయింది. తనకి కళ్ళున్నాయి కాబట్టి ఆ వివరణలు అతనెప్పుడూ చదవడు.

చెయ్యి తుడుచుకుని అతని ఫోను తీసుకున్నాను. ఫొటోలో బల్ల ముందు ఆర్నో నవ్వుతున్నాడు. అతని భుజం వెనక సింకులో నా చేతులు. తల లేదు, అంచు కత్తిరించినప్పుడు పోయినట్టుంది. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఎప్పుడూ రాస్తున్నట్టే ఉన్నది ఉన్నట్టు రాశాను. అతను చదవకుండానే పెట్టేశాడు.

పళ్ళెం ఆరేలోపు తలేయా జవాబు వచ్చింది. “ఫొటో చాలా బాగుంది ఆర్నో. మీకు కనిపించిందా?”

“ఏమంటోంది ఈవిడ?” అన్నాడు ఆర్నో.

“కింద రాసింది చదువు, నేనూ వింటాను,” అన్నారు అత్తగారు.

అతను పైకే చదివాడు. “వంటింట్లో ఒకాయన లాప్‌టాప్ ముందు నవ్వుతున్నాడు. తెర మీద ‘జట్టుగా పనిచేయడం ఎలా’ అని ఉంది. వెనక రెండు చేతులు కేకు పళ్ళెం తోముతున్నాయి. ఆ చేతుల మనిషి ఫొటోలో పట్టలేదు. తెర మీది ప్రసంగం, ఈ సర్వర్ నియమాలు, ఈ వివరణ రాసింది ఆ చేతులే.” చివరికొచ్చేసరికి అతని గొంతు బడిలో తప్పు చేసిన పిల్లాడిదైంది.

“అయితే బృందమంటే ఈ పిల్లేనా?” అన్నారు అత్తగారు. “నలుగురైదుగురు ఉంటారనుకున్నానే.”

“తీసెయ్ వీబ్కె. అప్పుడే అరవైమంది పంచుకున్నారు.”

“తప్పేమైనా రాశానా?”

“తప్పని కాదు.”

“ఏడో నియమం. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు రాయాలి.”

“ఎవరు పెట్టారా నియమం?” అన్నాడు. అత్తగారు నా చేతుల వైపు చూశారు.

కాసేపు తెర మీద అక్కడా ఇక్కడా నొక్కాడు. దిద్దే మీట ఎక్కడుందో అతనికి తెలియదు, నన్ను అడగడానికి మొహం చెల్లలేదు. ఇంతలో సభవాళ్ళ నుంచి సందేశం: శనివారం మాట్లాడేది ఆ నవ్వు మనిషా, చేతుల మనిషా? ఆర్నో కెటిల్ పెట్టాడు. నాకు కప్పు తెచ్చి, మీగడ వేసి, జీవితంలో మొదటిసారి నాకు టీ పోశాడు. నేను కూర్చుని తాగాను. చాలా బాగుంది, దాచడం దేనికి.

“శనివారం నేను మాట్లాడతాను,” అన్నాను. “ఫొటో నువ్వు తియ్యి.”

“సరే,” అన్నాడు. నా ఖాళీ కప్పు మీదికి టీకూజా వంచుతూ మెల్లగా అడిగాడు. “ఆ ఫొటో కింద రెండు ముక్కలు మాత్రం నువ్వే...”

నేను చెంచా తీసి కప్పులో పెట్టాను.