దీనమ్మ రాగం ముగిసేదాకా
రేపల్లె చర్చిలో ప్రతి చరణం చివరా ముందు వరస ముసలమ్మలు రాగం తీస్తారు. వాళ్లు ముగించేదాకా పియానో వాయించే లిడియా ఆగుతుంది. ఆ ఆదివారం తెనాలి నుంచి వచ్చిన సుధీర్ ఆమె డిజిటల్ పియానోకు వైరుతో ల్యాప్‌టాప్ కలిపి, అందులోని డ్రమ్స్ పియానో స్పీకర్లలోంచే మోగేలా చేశాడు. ముసలమ్మల్లో పెద్దదైన దీనమ్మ రాగం సగంలో ఉండగానే డ్రమ్స్ తరవాతి చరణంలోకి దూకేశాయి. ముసలమ్మలు బిక్కమొహాలేసి పాట ఆపేశారు.

లిడియాకు ఒళ్లు మండిపోయింది. "ఆపవయ్యా!" అని అరిచింది.

"వాళ్లే లేటు ఆంటీ. ఇది కరెక్టుగానే పోతోందండీ."

"దేవుడికి పాడేది వాళ్లా, నీ పెట్టెనా?" అంటూ వైరు పీకి అతని ఒళ్లో పడేసింది. "నువ్వు పాడు పెద్దమ్మా. ఎంతసేపైనా పాడు."

దీనమ్మ మళ్లీ ఎత్తుకుంది. ఆమె ముగించేదాకా చర్చి అంతా ఆగింది, వైరు పట్టుకుని సుధీర్ కూడా.