ఫలితం లేని రోజు

మా లాబ్‌ని ఊళ్లో రేపటి లాబ్ అనేవారు. పొద్దున్నే సముద్రపు నీళ్లు పట్టి తెచ్చి, గాజు పళ్లెంలో క్రిములు పెరిగేదాకా ఇరవైనాలుగు గంటలు కాపలా కాసి, ఈతకు పనికిరాకపోతే మర్నాడు ఎర్రజెండా ఎగరేసేవాళ్లం. ఈలోగా ఈదాల్సినవాళ్లు ఈదేసేవారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది నీ ఉద్యోగం అని అన్నయ్య ఏడిపించేవాడు. అన్నయ్య దర్జీ. కొట్టు తెరిచేముందు రోజూ ఈత కొట్టేవాడు, బయల్దేరేముందు నాకు ఫోన్ చేసేవాడు.

ఈ నెల కొత్త యంత్రం వచ్చింది. అది క్రిములు పెరిగేదాకా ఆగదు, వాటి ఆనవాళ్లు పట్టి మూడు గంటల్లో లెక్క చెప్పేస్తుంది. చెయ్యి అలవాటు కావడానికి ఏ రోజు నీళ్లు ఆ రోజు వడగట్టి ఫ్రీజర్లో దాచిన పాత వడపోత కాగితాలు ఓ నలభై పరీక్షించమన్నారు మా పెద్ద సారు. ఏ తేదీలవైనా పర్లేదన్నారు.

మూడేళ్ల కిందటి ఆ ఒక్క తేదీ వదిలెయ్యొచ్చు. నేను ఆ తేదీదే తీశాను.

ఆ తేదీకి ముందు రాత్రి పెద్ద వాన. అన్నయ్య మడమ మీద చెప్పు కరిచిన పుండు. పొద్దున ఆరింటికి ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయన్నాను. అది నిన్నటి ఫలితం, అంటే వానకు ముందు నీళ్లది. వాన పడితే మురుగు కాలువ పొంగి సముద్రంలో కలుస్తుందని ఊళ్లో అందరికంటే నాకే బాగా తెలుసు. నిద్రమత్తులో నోటికొచ్చింది అనేశాను, అంతే. ఈదొచ్చిన నాలుగో రోజుకు అన్నయ్య పాదం నల్లబడింది. తొమ్మిదో రోజు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆ రోజు పెట్టిన పరీక్ష కరెంటు పోయి మధ్యలోనే పాడైంది. రిజిస్టర్లో 'ఫలితం లేదు' అని రాసింది నేనే. నీళ్ల వల్లేనని చెప్పలేమని డాక్టరు కూడా అన్నారు. ఆ రెండు మాటల చాటున మూడేళ్లు వేళకు తిన్నాను, వేళకు పడుకున్నాను.

యంత్రం మూడు గంటలు తీసుకుంది. క్రిములు ఉండదగ్గదానికి పదకొండు రెట్లు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. చేతి తొడుగులు తీసి పారేసి, బల్ల తుడిచి, కాగితం మీద ఆ అంకె రాసుకుని అన్నయ్య కొట్టుకు వెళ్లాను.

అన్నయ్య స్కూలు లాగుకు అంచు కుడుతున్నాడు. ఇప్పుడు మిషన్ తొక్కడు, మోటారు పెట్టించుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చుని, అంకె చెప్పాను. ఆ పొద్దున నేను చెప్పింది అంతకు ముందురోజు ఫలితమని కూడా చెప్పాను. అతను అంచు పూర్తి చేసి దారం తెంపాడు.

"వానొచ్చిందని నాకూ తెలుసు. అందుకే అడిగా. తెలీదురా అన్నయ్యా అనుంటే ఇంట్లోనే ఉండిపోయేవాణ్ణి."

మూడేళ్లలో ఒక్కసారైనా ఎందుకు నిలదీయలేదని అడిగాను.

"నువ్వే చెబుతావేమోనని చూశా," అన్నాడు, ఇంకో లాగు అందుకుంటూ.

కోపంగా అనుంటే బతికిపోయేదాన్ని.